ఫ్లైవీల్ రింగు పళ్ళు అరిగితే: తిప్పి వేయాలా, వెల్డింగ్ పెట్టించాలా, కొత్తది ఎక్కించాలా?

తాళం తిప్పగానే గర్రుమని ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు. మళ్ళీ తిప్పితే మళ్ళీ అదే. దిగి, టాప్ గేర్ వేసి, కారును భుజంతో ఒక బెత్తెడు ముందుకు జరిపి, న్యూట్రల్ చేసి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. పాత అంబాసిడరో పద్మినో జీపో ఉన్న ఇళ్ళలో ఈ తంతు తెలియనివాళ్ళు తక్కువ. కొందరు దీన్ని బండి స్వభావం అనుకుని ఏళ్ళ తరబడి అలాగే నెట్టుకొస్తారు. అక్షరాలా నెట్టుకొస్తారు.

మాది 1977 నాటి మార్క్ 3 అంబాసిడర్, పెట్రోలు బండి. నాన్న నడిపిన కారు. నెల్లూరులో ఉంటుంది, ఆదివారం పూట కావలి దాకానో మైపాడు దాకానో వెళ్ళొస్తుంది. ఒక సాయంత్రం వీఆర్సీ సెంటర్లో బండి ఆగిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే దిగి తోసుకున్నాను. ఆ రోజే ఈ రింగు సంగతి తేల్చేయాలనుకున్నాను. తేల్చడానికి ఏడాదిన్నర పట్టింది, మధ్యలో రెండు దండగ ఖర్చులు. మొదటిది, చప్పుడు విని సెల్ఫ్ మోటారుదే తప్పనుకుని దాన్ని విప్పించి కాయిల్ కట్టించడం. రెండోది వెల్డింగు. దాని గురించి కింద చెప్తాను.

ముందు రింగు ఎక్కడ అరుగుతుందో తెలియాలి, ఎందుకంటే ఏం చేయించాలన్నది అక్కడే తేలుతుంది. ఫ్లైవీల్ అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, పోత ఇనుముది. దాని అంచుకు ఉక్కు రింగును వేడి మీద ఎక్కించి ఉంటారు. చాలా కార్లలో బోల్టులుండవు, వెల్డింగుండదు. చల్లారి బిగుసుకున్న పట్టే పట్టు. తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ మోటారు చివర ఉండే చిన్న గేరు, అంటే బెండిక్స్ పళ్ళు ఈ రింగు పళ్ళలోకి దూరి ఇంజన్‌ను తిప్పుతాయి. ఇక ఇంజన్ ఆపినప్పుడు అది ఎక్కడ పడితే అక్కడ ఆగదు. ఆఖరి చుట్టులో ఏదో ఒక సిలిండర్లో కంప్రెషన్ అడ్డం పడుతుంది, దాన్ని దాటలేక కాస్త వెనక్కి ఊగి నిలబడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు అలాంటి చోట్లు చుట్టుకు రెండే, ఎదురెదురుగా. ఆరు సిలిండర్లయితే మూడు. అంటే నలభై ఏళ్ళుగా ఎన్ని వేలసార్లు తాళం తిప్పినా బెండిక్స్ వచ్చి గుద్దుకునేది ఆ రెండు చోట్లే. మా రింగులో ఒక్కో చోట ఏడెనిమిది పళ్ళు కొరికేసిన చెరుకు ముక్కల్లా ఉన్నాయి. మిగతా పళ్ళన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. బెత్తెడు తోస్తే స్టార్టవడం వెనకున్న రహస్యం ఇదే.

అందుకే గేర్‌బాక్స్ దించమని చెప్పే ముందు ఒక గంట కేటాయించి రింగును కళ్ళతో చూడండి. బ్యాటరీ తీగ ఊడదీసి, సెల్ఫ్ మోటారు బోల్టులు విప్పి బయటికి తీయండి. ఆ రంధ్రంలోంచి టార్చి వేస్తే నాలుగైదు పళ్ళు కనబడతాయి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పేస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. అంబాసిడర్‌కు ముందు హ్యాండిల్ పెట్టే చోటు ఉంటుంది కాబట్టి ఒకరు అక్కడ నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు సుద్దముక్కతో మొదటి పన్ను మీద గుర్తు పెట్టి మొత్తం చుట్టూ లెక్కపెట్టుకోవచ్చు. మొత్తం పళ్ళు ఎన్ని, చెడినవి ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఈ లెక్క తర్వాత రింగు కొనడానికీ పనికొస్తుంది.

చూసేటప్పుడు మూడు రకాలు వేరు చేసుకోవాలి. పన్ను అంచు మాత్రమే మొద్దుబారి, వెడల్పులో ముప్పాతిక వంతు బాగుంటే తొందరేం లేదు. కొత్త బెండిక్స్ వేసి, సెల్ఫ్ మోటారు బుష్షులు మార్పించి ఇంకో రెండేళ్ళు నడపొచ్చు. సగానికి పైగా తినేసి ఉంటే పని చేయించాలి. పన్ను విరిగి ఊడిపోయినా, రింగులో సన్నటి పగులు కనబడినా ఆలోచనే అక్కర్లేదు, ఆ ముక్క క్లచ్ హౌసింగ్‌లో తిరుగుతూ ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: రింగు పళ్ళు శుభ్రంగా ఉండి, సెల్ఫ్ తిరుగుతూ, రింగూ తిరుగుతూ, ఇంజన్ మాత్రం కదలకపోతే ఫ్లైవీల్ మీద రింగు పట్టు వదిలేసిందని అర్థం. సెల్ఫ్ ఒక్కటే జుయ్యిమని తిరిగి రింగు కదలకపోతే అది బెండిక్స్ జబ్బు, రింగును తిట్టి లాభం లేదు.

సెల్ఫ్ ఏ రకమో కూడా చూసుకోండి. పాత లూకాస్ తరహా సెల్ఫ్‌లో బెండిక్స్ మరల ఉన్న గొట్టం మీద కూర్చుని ఉంటుంది. మోటారు ఒక్కసారిగా తిరగగానే అది విసురుగా జారి వెళ్ళి రింగును గుద్దుతుంది. ప్రతి స్టార్టూ సుత్తి దెబ్బే. తర్వాత వచ్చిన రకంలో సొలినాయిడ్ (కరెంటు అయస్కాంతం) లాగే మీట ముందు బెండిక్స్‌ను నెమ్మదిగా పళ్ళలోకి తోస్తుంది, ఆ తర్వాతే మోటారుకు పూర్తి కరెంటు పోతుంది. మొదటి రకం రింగును తొందరగా తింటుంది. ఆ రకం బెండిక్స్ రింగులో ఇరుక్కుపోతే చాలామంది కారును ముందుకీ వెనక్కీ ఊపుతారు. దానికంటే సెల్ఫ్ వెనక చిన్న మూత తీస్తే షాఫ్ట్ చివర చదరంగా ఉంటుంది, పానా పెట్టి తిప్పితే వచ్చేస్తుంది. ఈ సంగతి తెలియక నేను ఎండలో ఎంతమందిని కారు తోయమని పిలిచానో.

ఇప్పుడు దారులు ఒక్కొక్కటే చూద్దాం. నా లెక్కలో ఏది ముందో ఆ వరసలో కాదు, మెకానిక్ షెడ్లో మనకు ఏది ముందు వినబడుతుందో ఆ వరసలో.

ముందు వినబడేది వెల్డింగే. "రింగు ఎందుకు సార్ దండగ, పది పళ్ళకు వెల్డింగ్ నింపి గ్రైండ్ చేసేస్తాం" అంటారు. వినడానికి బాగుంటుంది, చౌక కూడా. నేనూ ఒప్పుకున్నాను. ఊరు, షెడ్డు పేరు ఎందుకులెండి. గేర్‌బాక్స్ దించారు, ఫ్లైవీల్ నేల మీద పెట్టి పళ్ళ మీద వెల్డింగ్ పోశారు, చేతి గ్రైండర్‌తో అందాజుగా పళ్ళ ఆకారం తెచ్చారు. చూస్తే బాగానే ఉంది. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని శబ్దం, ఆపైన మౌనం. విప్పి చూస్తే వెల్డింగ్ పన్ను ఒకటి గట్టిపడి చెక్కుచెదరకుండా ఉంది, దాన్ని గుద్దుకుని బెండిక్స్ పన్ను విరిగింది. పక్క పన్ను మెత్తబడి మైనంలా వంగింది.

ఇలా ఎందుకవుతుందంటే, రింగు పళ్ళకు కంపెనీలో ఒకే తీరున గట్టిదనం ఎక్కిస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం చెదిరిపోతుంది. పోసిన లోహం ఒక రకం, దాని పక్కన వేడెక్కి చల్లారిన ఉక్కు ఇంకో రకం. ఒక పన్ను గాజులా పెళుసు, దాని పక్కది మెత్తన. దానికి తోడు పన్ను ఆకారం. గేరు పన్ను పక్క ఊరికే ఏటవాలు గీత కాదు, లెక్క ప్రకారం వంపు తిరిగి ఉంటుంది. చేతి గ్రైండర్‌తో ఆ వంపు రాదు. ఇంకా, ఫ్లైవీల్ మీద ఉండగానే వెల్డింగ్ పెడితే రింగు ఒకవైపే వేడెక్కి పట్టు సడలొచ్చు. అయితే వెల్డింగ్ అసలు పనికిరాదని అనను. ఒకటి రెండు పళ్ళు మాత్రమే పోయి, ఆ కారుకు రింగు ఎక్కడా దొరక్క, తయారు చేయించేదాకా నాలుగు నెలలు నడవాలంటే చేయించుకోవచ్చు. అది కట్టు లాంటిది, వైద్యం కాదు. పైగా గేర్‌బాక్స్ దించే కూలి రెండుసార్లు పడుతుంది. వెల్డింగులో మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

రెండోది తిప్పి వేయడం. ఇది మా తాతల కాలం నాటి మేస్త్రీల తెలివి, ఇప్పుడు చేసేవాళ్ళు తగ్గారు. చెడిన చోట్లు రెండే, ఎదురెదురుగా ఉన్నాయి కదా. రింగును ఫ్లైవీల్ మీంచి తీసి పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు జరిపి మళ్ళీ ఎక్కిస్తే బెండిక్స్ వచ్చే చోటికి ఇంతవరకూ ఎవరూ ముట్టని పళ్ళు వస్తాయి. ఆరు సిలిండర్ల బండికి 60 డిగ్రీలు జరపాలి. ఇంకో పద్ధతి రింగును బోర్లించడం. బోర్లిస్తే పన్నులో ఇంతవరకూ ఒత్తిడి పడని రెండో పక్క ముందుకొస్తుంది. కానీ ఇక్కడ ఒక మెలిక: బెండిక్స్ దూరే వైపు పళ్ళ అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. రెండో వైపు అలా ఉండవు. చెక్కకుండా బోర్లిస్తే బెండిక్స్ దూరక మొదటి రోజు నుంచే గర్రుమంటుంది. ప్రతి పన్నుకూ అంచు అరగదీయాలి, అది రోజంతా పని. పావు చుట్టు జరపడమే మేలు.

చిక్కల్లా రింగును పగలగొట్టకుండా బయటికి తీయడంలో ఉంది. ఫ్లైవీల్ వేడెక్కకుండా రింగు చుట్టూ గ్యాస్ మంట వేగంగా తిప్పుతూ, ఇత్తడి కడ్డీతో చుట్టూ కొద్దికొద్దిగా తట్టాలి. ఒకే చోట మంట నిలిపితే పళ్ళు నీలం తిరిగి మెత్తబడతాయి. బయటికొచ్చాక రింగు లోపలి కొలత, ఫ్లైవీల్ అంచు కొలత మైక్రోమీటర్‌తో తీయించండి. అంచు కంటే రింగు లోపలి కొలత కచ్చితంగా తక్కువ ఉండాలి. సాధారణంగా 290 మిల్లీమీటర్ల వ్యాసానికి సుమారు 0.3 మిల్లీమీటర్ల తేడా ఉంటే పట్టు సరిపోతుంది. తేడా లేకపోతే కొందరు నాలుగు చోట్ల వెల్డింగ్ చుక్కలు పెట్టి సరిపెడతారు. నేను ఒప్పుకోను. పోత ఇనుముకు వెల్డింగ్ అంటేనే పడదు, ఆ చుక్క పక్కనే పగులు మొదలవుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రం అది, మన కాళ్ళకు అడుగు దూరంలో.

ఫ్లైవీల్‌నే క్రాంకు (ఇంజన్ ఇరుసు) మీద జరిపి బిగిస్తే పోలా అని ఒకాయన అడిగాడు. నాలుగు బోల్టులు సమానంగా ఉన్న చోట కుదురుతుంది. ఆరు బోల్టులుంటే 60 డిగ్రీలే జరుగుతుంది, అదీ చాలు. కానీ చోటు మారకుండా పట్టి ఉంచే డోవెల్ పిన్నులుంటే జరగదు, ప్లగ్గు నిప్పు ఎప్పుడు వేయాలో చూపే టైమింగ్ గుర్తు ఫ్లైవీల్ మీదే ఉన్న బండికి ఆ గుర్తు తప్పుతుంది. గుర్తు మళ్ళీ కొట్టుకోగలిగితే ఇది అన్నిటికంటే చౌకైన పని.

మూడోది కొత్త రింగు. అంబాసిడర్ పెట్రోలుకైతే నేను ఎవరికైనా చెప్పేది ఇదే. నెల్లూరు ఆటోనగర్‌లో అడిగితే లేదన్నారు, చెన్నై జీపీ రోడ్డులో దొరికింది. పినాకిని రైలెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. దొరికిన సంతోషంలో కొనేయకండి. మీ కాగితం మీదున్న పళ్ళ లెక్కతో పోల్చండి, లోపలి వ్యాసం, వెడల్పు, ఏటవాలు ఏ వైపుందో చూడండి. పేరు ఒకటే అయినా రింగులు వేరుగా ఉంటాయి. విల్లీస్ జీపు సంగతే తీసుకోండి: ఆ ఇంజన్ కుటుంబానికి కాలాన్ని బట్టి 97, 124, 129 పళ్ళ రింగులు వేశారు. 'విల్లీస్ రింగు' అని అడిగితే షాపువాడు తన దగ్గరున్నది ఇస్తాడు. అంబాసిడర్‌లోనూ 1992లో వచ్చిన ఇసుజు ఇంజన్ బండి వేరు, పాత 1489 సీసీ బండి వేరు. పాత సెల్ఫ్ తీసేసి సొలినాయిడ్ రకం పెట్టినవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బెండిక్స్ వచ్చే దిశ మారి ఉండొచ్చు, అప్పుడు ఏటవాలు వైపు కూడా మారాలి. పాత రింగు తీయకముందే ఫోన్లో రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.

పాత రింగు తీయడం తేలిక, ఎందుకంటే ఇక దాంతో పని లేదు. రెండు పళ్ళ మధ్య లోయలో డ్రిల్‌తో రంధ్రం వేయాలి, ఫ్లైవీల్‌ను ముట్టకుండా. తర్వాత ఉలి పెట్టి గట్టిగా ఒక దెబ్బ. రింగు బిగువులో ఉంటుంది కాబట్టి పగిలేటప్పుడు ఎగురుతుంది. మా మేస్త్రీ దాని మీద తడి గోనెసంచి కప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, నన్ను రెండు గజాలు వెనక్కి పొమ్మన్నాడు. "పోయినేడు ఇంకోడికి కణత మీద తగిలింది సార్" అన్నాడు. ఇంకో మాట చెప్పక్కర్లేకపోయింది.

ఎక్కించడం చూస్తే నాకు మా ఊళ్ళో బండి చక్రానికి ఇనప పట్టా వేయడం గుర్తొచ్చింది. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పటకార్లతో ముగ్గురు పట్టుకుని చక్రం మీద పడేసి, బుస్సుమని నీళ్ళు పోసేవాళ్ళు. సూత్రం అదే: వేడికి వ్యాకోచం, చల్లారితే బిగువు. కానీ రెండు విషయాల్లో రింగు పట్టా కాదు. ఒకటి, దాన్ని ఎర్రగా కాల్చకూడదు. రెండు, నీళ్ళు పోయకూడదు. చక్రం కర్ర కాబట్టి కాలిపోతుందని అక్కడ నీళ్ళు పోస్తారు. ఇక్కడ పోస్తే వేడి రింగు ఉన్నట్టుండి ముడుచుకుని పగలొచ్చు, ఫ్లైవీల్‌కూ మంచిది కాదు.

ఎంత వేడి చాలు? ఉక్కు ఒక్కో డిగ్రీకి పదిలక్షలకు 12 వంతుల చొప్పున సాగుతుంది. 290 మిల్లీమీటర్ల రింగును 35 డిగ్రీల నుంచి 220 డిగ్రీలకు తీసుకెళ్తే 0.64 మిల్లీమీటరు సాగుతుంది. బిగువు 0.3 అనుకుంటే ఇంకా అంతకంటే ఎక్కువే ఖాళీ దొరుకుతుంది, రింగు దానంతటదే జారి కూర్చుంటుంది. కాబట్టి 200 నుంచి 250 డిగ్రీల మధ్య సరిపోతుంది. గ్యాస్ కట్టర్‌తో కాలిస్తే ఒక పక్క 400, ఇంకో పక్క 100 ఉంటుంది, అందుకే నాకు అది నచ్చదు. మేం బేకరీ పొయ్యి వాడాం. రొట్టెలు కాలే వేడి కూడా దాదాపు ఇంతే. మధ్యాహ్నం రొట్టెలు దించాక ఆ పొయ్యి ఖాళీగా వేడి మీద ఉంటుంది. బేకరీ ఆయన ఒక్కటే షరతు పెట్టాడు, రింగుకు ఆయిల్ మరక ఉండకూడదని. కిరసనాయిలుతో కడిగి, సబ్బునీళ్ళతో తోమి, ఎండలో ఆరబెట్టి తీసుకెళ్ళాను. పెళ్ళికూతుర్ని కూడా అంత శ్రద్ధగా తయారు చేయరు.

వేడి చాలిందో లేదో తెలుసుకోవడానికి రెండు చిట్కాలు. రేడియో మెకానిక్ వాడే తగరం, సీసం కలిసిన టంకం తీగ రింగుకు ఆనిస్తే సుమారు 190 డిగ్రీల దగ్గర కరిగి జారుతుంది. రెండోది, రింగు మీద ఒక చోట ఎమెరీ కాగితంతో మెరుగు పెట్టి ఉంచండి. ఆ మెరుపు లేత గడ్డి రంగుకు తిరిగితే 220, 230 డిగ్రీలన్నమాట. నీలం వస్తే 300 దాకా వెళ్ళినట్టు. కొన్ని పాత మాన్యువల్స్‌లో లేత నీలం దాకా కాల్చమని ఉంటుంది, మీ బండి పుస్తకంలో అలా ఉంటే దాని మాటే వినండి. నేను మాత్రం గడ్డి రంగు దగ్గరే ఆగాను.

ఫ్లైవీల్‌ను ముందే బల్ల మీద మట్టంగా పెట్టి, అంచు తుడిచి, చెత్త లేకుండా చూసుకోవాలి. పొయ్యిలోంచి తీసిన రింగుకు పట్టుమని అర నిమిషం టైముంటుంది. ఏటవాలు వైపు పైకా కిందికా అన్నది అప్పుడు ఆలోచించేది కాదు, సుద్దతో ముందే బాణం గుర్తు వేసుకోండి. పడేశాక చుట్టూ కర్రసుత్తితో తట్టి అడుగు దాకా కూర్చుందో లేదో సందు కొలిచే సన్నటి రేకు, అదే ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. ఒక పక్క లేస్తే అక్కడ క్లాంప్ బిగించి, చల్లారేదాకా వదిలేయాలి. రోహిణి కార్తెలో చేస్తే చల్లారడానికి సాయంత్రమైంది. నేను దగ్గరే కూర్చుని రెండు టీలు తాగాను.

రింగు బజార్లో దొరకని బండి ఉంటే, అంటే స్టాండర్డ్ హెరాల్డో, ఇంకా పాత యుద్ధకాలపు కారో అయితే, తయారు చేయించడం నాలుగో దారి. చెన్నై అంబత్తూరు, కోయంబత్తూరు, విజయవాడ ఆటోనగర్ వైపు గేర్లు కోసేవాళ్ళున్నారు. పాత రింగును నమూనాగా పట్టుకెళ్ళాలి. ఇక్కడ రెండు మాటలు గట్టిగా అడగండి. ఉక్కు ఏది? మామూలు మైల్డ్ స్టీలుతో కోసిస్తే కొద్ది నెలల్లో పళ్ళు చపాతీల్లా అణిగిపోతాయి. ఈఎన్8 లాంటి మధ్యస్థ కార్బన్ ఉక్కు అయితే పళ్ళకు గట్టిదనం ఎక్కుతుంది. పళ్ళకు ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో వేడి పుట్టించి గట్టిపరచడం) చేస్తారా, లేదా? చేయకపోతే మంచి ఉక్కు వాడీ లాభం లేదు. ఇంకో సంగతి, పాత ఇంగ్లీషు బండ్ల సెల్ఫ్ పళ్ళు కాస్త పొట్టిగా ఉండే రకం, అంగుళాల లెక్కలో కోసినవి. బయటి కొలతనూ పళ్ళ లెక్కనూ మాత్రమే చూసి మిల్లీమీటర్ల మాడ్యూల్ (పన్ను సైజు లెక్క) కట్టేస్తే దగ్గరగా వస్తుంది కానీ సరిగ్గా కలవదు. బెండిక్స్ కూడా ఇచ్చి, రెండూ కలిపి తిప్పి చూసుకోమనండి. ఒక్కటే చేయించడం ఖరీదు కాబట్టి అదే బండి ఉన్న మరో ఇద్దరు ముగ్గురితో కలిసి నాలుగు రింగులు కోయిస్తే ఒక్కోదానికి ధర బాగా దిగుతుంది. మరీ పాత కొన్ని కార్లకు వేరే రింగే ఉండదు, ఫ్లైవీల్ అంచులోనే పళ్ళు కోసి ఉంటాయి. వాటికి పాత పళ్ళు లేత్ మీద చెక్కేసి, రింగు కూర్చునే మెట్టు కోయాలి. గ్రానైట్ మిషన్ల పనులు చేసే పెద్ద లేత్‌లు ఒంగోలు, చీమకుర్తి వైపు ఉన్నాయి, అంత వ్యాసం పట్టే లేత్ దొరకడం అక్కడ సులువు. ఆ తర్వాత బ్యాలెన్సింగ్ తప్పదు.

స్క్రాప్‌లో ఫ్లైవీల్ మొత్తం దొరికితే? దొరికితే మంచిదే, కానీ అందులోనూ అవే రెండు చోట్లు చెడి ఉంటాయి, కడిగి లెక్కపెట్టాకే డబ్బివ్వండి. క్లచ్ ప్లేటు ఆనే ముఖం మీద వేడికి వచ్చిన వెంట్రుక పగుళ్ళుంటే ఊరికే ఇచ్చినా వద్దు. ఇక సెల్ఫ్ మార్చి కొత్త తరహా గేర్ రిడక్షన్ (లోపల గేర్లుండే) మోటారు పెడితే రింగు బాగవుతుందనే మాట పూర్తిగా అబద్ధం. మంచి రింగు మీద దాని ఆయుష్షు పెంచుతుంది, చెడిన పళ్ళను మళ్ళీ మొలిపించదు.

బండిని బట్టి చెప్పాలంటే నేను ఇలా అంటాను. అంబాసిడర్ పెట్రోలు, పద్మిని: కొత్త రింగు, వాదన లేదు. అంబాసిడర్ డీజిల్: కంప్రెషన్ ఎక్కువ, సెల్ఫ్ మీద బరువెక్కువ, తిప్పి వేయడం కూడా దండగే, కొత్తదే. జీపు: పళ్ళు లెక్కపెట్టి దొరికితే కొత్తది, లేకపోతే పావు చుట్టు జరపడం. ఏడాదికి నాలుగుసార్లు పెళ్ళి ఊరేగింపులకు తీసే షోకు కారు: పావు చుట్టు జరిపితే మీ తరం గడిచిపోతుంది. సముద్రం దగ్గర, కొత్తపట్నం వైపో మైపాడు వైపో షెడ్డులో నిలబెట్టిన బండ్లకు ఉప్పుగాలికి రింగు తుప్పు పట్టి పళ్ళ మధ్య పొరలు లేస్తాయి. అరిగినట్టు కనబడినా అది తుప్పే, వైరు బ్రష్‌తో రుద్ది చూశాక నిర్ణయించుకోండి.

ఏ దారి ఎంచుకున్నా బెండిక్స్ కొత్తది వేయండి. పాత బెండిక్స్ కొత్త రింగును పాత రింగులాగే తయారు చేస్తుంది. సెల్ఫ్ బుష్షులు అరిగితే షాఫ్ట్ కిందికి వాలి పళ్ళు మూలగా కలుస్తాయి, వాటినీ మార్పించండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ తీగ తుప్పు పట్టి ఉంటే సెల్ఫ్ నీరసంగా తిరిగి పళ్ళ అంచులనే కొరుకుతుంది. టైమింగ్ మరీ ముందుకు పెట్టి ఉంటే ఇంజన్ వెనక్కి తన్ని పళ్ళు విరుస్తుంది. స్టార్ట్ కాకపోతే ఇంజన్ ఊగడం పూర్తిగా ఆగాకే మళ్ళీ తాళం తిప్పాలి. మా ఇంట్లో పిల్లలకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు క్లచ్ కంటే ముందు ఇదే చెప్పాను.

గేర్‌బాక్స్ ఎలాగూ కిందికి వచ్చింది కదా, క్లచ్ ప్లేటు, క్లచ్‌ను నొక్కే కార్బన్ బేరింగు, క్రాంకు చివరి బుష్షు కూడా చూసేయించండి. ఈ పని మొత్తంలో రింగు ధర కంటే దించి ఎక్కించే కూలే ఎక్కువ, రెండోసారి అదే కూలి కట్టడం ఎవరికీ ఇష్టముండదు. విప్పే ముందు ఫ్లైవీల్, క్రాంకు రెండింటి మీదా సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టించండి, అదే చోట కూర్చోవాలి. లాక్ ప్లేట్లు పాతవి వాడొద్దు.

పాత రింగు పగిలినా పారేయకండి. రేపు కొత్తది దొరక్కపోతే కోయించడానికి నమూనా అదే. మాది నేను దాచేలోపే అమ్మ తీసుకుంది. వంటింటి మూల మంచినీళ్ళ కుండకు కుదురుగా వాడుతోంది, పగిలిన చోటు గోడవైపు పెట్టి. అడిగితే వేరే కుదురు తెచ్చిచ్చి నీది తీసుకో అంది.